మెడికేర్, మెడికెయిడ్: కార్డు వెనక వింతలు

అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లు తరచూ తలిచే పేర్లు రెండున్నాయి. ఒకటి మెడికేర్, రెండోది మెడికెయిడ్. రెండూ ఒకటేననుకునేవాళ్లే ఎక్కువ. మెడికేర్ 65 ఏళ్లు నిండినవాళ్లకూ, కొందరు వికలాంగులకూ కేంద్రం నడిపే ఆరోగ్య బీమా. కోటీశ్వరుడైనా కూలివాడైనా అందులో చేరవచ్చు. మెడికెయిడ్ పేదల కోసం పెట్టింది. దాని ఖర్చును కేంద్రం, రాష్ట్రాలు పంచుకుంటాయి, నడిపేది రాష్ట్రాలు. రెండూ ఒకే చట్టంలో, ఒకే సంతకంతో పుట్టాయి. 2023లో మెడికేర్ ఖర్చు లక్ష కోట్ల డాలర్లు దాటింది, మెడికెయిడ్ ఖర్చు సుమారు 87 వేల కోట్ల డాలర్లు. ఇంత పెద్ద వ్యవహారంలో మొదటివి, చివరివి, అతి పొట్టివి, అతి విచిత్రమైనవి ఏరితే ఇవీ విశేషాలు.

ఒకటో నంబరు కార్డు

1965 జులై 30న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ ఈ చట్టం మీద సంతకం పెట్టడానికి వాషింగ్టన్ వదిలి మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే ఊరు వెళ్లారు. కారణం, 81 ఏళ్ల మాజీ ప్రెసిడెంట్ హారీ ట్రూమన్ ఉండేది అక్కడే. దేశంలో అందరికీ ఆరోగ్య బీమా కావాలని 1945 నవంబరులోనే కాంగ్రెస్‌ను అడిగి, డాక్టర్ల సంఘం ప్రచారం ముందు నెగ్గలేకపోయిన నాయకుడాయన. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన కళ్ల ముందే సంతకం జరిగింది. 1966 జనవరిలో జాన్సన్ మళ్లీ ఆ ఊరు వచ్చి, ఒకటో నంబరు మెడికేర్ కార్డు ట్రూమన్‌కూ, రెండో నంబరు కార్డు ఆయన భార్య బెస్‌కూ అందించారు.

డాక్టరు ఫీజులు చెల్లించే భాగానికి అప్పట్లో ప్రీమియం నెలకు 3 డాలర్లు. 2025లో అదే ప్రీమియం 185 డాలర్లు.

కాఫీ కబుర్లతో వ్యతిరేక ప్రచారం

ఒక బీమా పథకానికి వ్యతిరేకంగా గ్రామఫోన్ రికార్డు విడుదల కావడం ఎక్కడైనా విన్నారా? 1961లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ పని చేసింది. 'ఆపరేషన్ కాఫీ కప్' అని పేరు పెట్టి, డాక్టర్ల భార్యలకు ఒక ఎల్పీ రికార్డు పంపింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లను కాఫీకి పిలిచి ఆ రికార్డు వినిపించాలి. ఆపైన అందరిచేతా కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాయించాలి. ముసలివాళ్లకు ప్రభుత్వ బీమా వచ్చిందంటే దేశం సోషలిజంలోకి జారిపోతుందని ఆ రికార్డులో హెచ్చరించిన గొంతు అప్పటి సినిమా నటుడు రొనాల్డ్ రీగన్‌ది. ఈ కథలో ఆయన మరో రెండుసార్లు వస్తారు. రెండుసార్లూ అవతలి పక్షాన నిలబడి!

నాలుగు నెలల్లో మారిన ఆసుపత్రులు

1966 జులై 1న మెడికేర్ అమల్లోకి వచ్చింది. అప్పటికి దక్షిణాది రాష్ట్రాల్లో చాలా ఆసుపత్రులు నల్లవాళ్లను వేరే వార్డుల్లో, వేరే అంతస్తుల్లో పెట్టేవి, కొన్నయితే అసలు చేర్చుకునేవే కావు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం, వివక్ష చూపే సంస్థకు కేంద్రం డబ్బు ఇవ్వకూడదు. మెడికేర్ సొమ్ము కావాలంటే వార్డులు కలపాల్సిందేనని అధికారులు పట్టుబట్టారు. నాలుగు నెలలు తిరక్కుండానే వెయ్యికి పైగా ఆసుపత్రులు ఆ గోడలు తీసేశాయి. ఏళ్ల తరబడి కోర్టు కేసులతో కదలని చోట బిల్లు చెల్లింపు పని చేసింది.

వయసు అడగని జబ్బు

మెడికేర్ వయసును చూస్తుంది. వయసు చూడకుండా కార్డు ఇచ్చే జబ్బుల్లో మొదటిది రెండు కిడ్నీలూ పూర్తిగా పాడవడం. ఇరవై ఏళ్ల కుర్రాడైనా సరే, అతడో, అతడి తల్లిదండ్రులో, జీవిత భాగస్వామో కొంతకాలం సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉంటే కార్డు వస్తుంది. గుండెకూ క్యాన్సరుకూ లేని ఈ ప్రత్యేకత కిడ్నీకి ఎలా వచ్చింది?

సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960లో టెఫ్లాన్ గొట్టంతో ఒక అమరిక తయారుచేశారు. దాంతో ఒకే రోగికి నెలల తరబడి, ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడం సాధ్యమైంది. అయితే మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ, ఖర్చు భరించలేనిది. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి అక్కడ ఏడుగురితో ఒక కమిటీ వేశారు. అందులో ఒక లాయరు, ఒక మతబోధకుడు, ఒక గృహిణి, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక కార్మిక నాయకుడు వంటివాళ్లు ఉండేవారు, పేర్లు మాత్రం బయటికి రానివ్వలేదు. రోగికి పెళ్లయిందా, పిల్లలెందరు, ఉద్యోగముందా, చర్చికి వెళ్తాడా అని చూసి బతకాల్సినవాళ్లను ఎంచేవారు. 1962లో 'లైఫ్' పత్రిక ఈ సంగతి బయటపెడితే దేశం ఉలిక్కిపడింది.

1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి, డయాలసిస్ రోగుల సంఘం నాయకుడు, కాంగ్రెస్ కమిటీ ముందుకు వచ్చారు. వట్టి చేతులతో రాలేదు, మిషన్‌తో వచ్చారు. సభ్యులు చూస్తుండగానే గొట్టాలు తగిలించుకుని, తన రక్తం మిషన్‌లో తిరుగుతుండగా మాట్లాడారు. మరుసటి ఏడాది సెనేటర్ వాన్స్ హార్ట్‌కే ప్రవేశపెట్టిన సవరణ మీద సెనేట్‌లో చర్చ నడిచింది అరగంట. 1972 అక్టోబరు 30న ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం చేశారు. వికలాంగులకు మెడికేర్ వచ్చింది కూడా ఆ చట్టంతోనే.

అప్పట్లో దేశం మొత్తం మీద డయాలసిస్ మీదున్నవాళ్లు సుమారు 10 వేలు. ఇప్పుడు 5 లక్షల పైచిలుకు. మెడికేర్ సభ్యుల్లో కిడ్నీ రోగులు నూటికి ఒక్కరే, వాళ్ల మీద అయ్యే ఖర్చు మాత్రం అంతకు ఎన్నో రెట్లు.

వికలాంగులకు వచ్చిన వరంలో మెలిక ఒకటుంది. వైకల్య పింఛను మొదలయ్యాక 24 నెలలు ఆగితేగాని కార్డు రాదు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే ఏఎల్ఎస్ రోగుల్లో చాలామంది ఆ రెండేళ్లూ బతకరు. వాళ్లకు ఈ నిరీక్షణ తీసేయడానికి 2001 దాకా పట్టింది.

ఇంటికి వెళ్తే ఆగిపోయే సాయం

అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే పసిపాప అయిదు నెలల వయసులో మెదడువాపు జబ్బు పడింది. వెంటిలేటర్ మీద బతుకుతూ మూడేళ్లొచ్చేదాకా ఆసుపత్రిలోనే పెరిగింది. కొంత కోలుకున్నాక ఇంటికి తీసుకెళ్లవచ్చని డాక్టర్లు అన్నారు. అప్పటి రూలు ప్రకారం, ఆసుపత్రిలో ఉంటే మెడికెయిడ్ నెలకు వేల డాలర్లు చెల్లిస్తుంది. ఇంటికి వెళ్తే తల్లిదండ్రుల జీతం లెక్కలోకి వచ్చి, పాప పేదల జాబితాలోంచి జారిపోతుంది. ఇంటి దగ్గరి ఖర్చు ఆసుపత్రి ఖర్చులో చిన్న వంతే. అయినా ప్రభుత్వం పెద్ద ఖర్చే పెడుతూ వచ్చింది.

1981 నవంబరులో ఒక విలేకరుల సమావేశంలో, ప్రభుత్వ నిబంధనలు ఎంత తెలివితక్కువగా ఉంటాయో చెప్పడానికి ప్రెసిడెంట్ రీగన్ ఈ పాప సంగతి ఎత్తారు. రూలు సడలింది. ఆ క్రిస్మస్‌కు కేటీ ఇంట్లో ఉంది. తీవ్ర వైకల్యమున్న పిల్లలను ఇంట్లోనే ఉంచి చూసుకునేందుకు రాష్ట్రాలు ఇచ్చే మినహాయింపును ఈనాటికీ 'కేటీ బెకెట్' పేరుతోనే పిలుస్తారు. మెడికెయిడ్‌లో ఒక రోగి పేరుతో స్థిరపడిన రూలు ఇది. ఆమె 34 ఏళ్లు బతికి 2012లో కన్నుమూసింది.

ఏడాదిన్నర బతకని చట్టం

రీగన్ మూడోసారి వచ్చేది ఇక్కడ. పెద్ద జబ్బు చేసినప్పుడు రోగి జేబు ఖర్చుకు హద్దు పెడుతూ 1988 జులై 1న ఆయన సంతకం చేసిన చట్టం, అప్పటికి మెడికేర్ చరిత్రలో అతి పెద్ద విస్తరణ. ఒకనాడు మెడికేర్ వద్దని రికార్డు ఇచ్చిన మనిషే దాన్ని ఇంకా పెంచారు. చిక్కల్లా ఖర్చు ఎవరిదన్న దగ్గర వచ్చింది. ముసలివాళ్ల నుంచే వసూలు చేయాలన్నారు. కాస్త డబ్బున్నవాళ్ల మీద మొదటి ఏడాది మనిషికి 800 డాలర్ల వరకు అదనపు పన్ను పడింది. అలాంటి రక్షణను ప్రైవేటుగా ముందే కొనుక్కున్నవాళ్లకు ఒళ్లు మండింది.

1989 ఆగస్టులో షికాగోలో ఈ చట్టానికి పెద్దదిక్కయిన కాంగ్రెస్ కమిటీ ఛైర్మన్ డాన్ రోస్టెన్‌కౌస్కీ ఒక సమావేశం ముగించుకుని బయటికి వస్తే వృద్ధులు చుట్టుముట్టారు. కేకలు వేస్తూ కారుకు అడ్డంపడ్డారు. ఒక పెద్దావిడ బానెట్ మీదికి ఎక్కి కదలనివ్వలేదు. ఆయన కారు దిగి, పక్కనున్న పెట్రోలు బంకు మీదుగా పరుగెత్తి అవతల కారెక్కి బయటపడ్డారు. టీవీల్లో దేశమంతా చూసింది. ఆ ఏడాది ముగిసేలోగా కాంగ్రెస్ తన చట్టాన్ని తానే రద్దు చేసుకుంది.

తెల్లవారుజాము ఓటు, డోనట్ కన్నం

మందుల బిల్లును మెడికేర్ భరించడం 2006లోగాని మొదలవలేదు. అంటే నలభై ఏళ్ల పాటు ఆసుపత్రి బీమా ఉంది, బీపీ మాత్రకు మాత్రం లేదు. 2003 నవంబరు 22న ప్రతినిధుల సభలో ఆ బిల్లుపై ఓటింగ్ తెల్లవారుజామున మూడింటికి మొదలైంది. మామూలుగా 15 నిమిషాల్లో ముగియాల్సింది, ఓట్లు చాలక మూడు గంటలకు దగ్గరగా సాగదీశారు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ వచ్చాక అప్పటికి అదే రికార్డు. చివరికి 220-215తో గట్టెక్కింది.

అందులో బీమా పథకాల్లోనే వింతైన ఏర్పాటు ఒకటి పెట్టారు. 2006లో మందుల ఖర్చు 2,250 డాలర్లు దాటేదాకా సాయం ఉండేది. అక్కడి నుంచి 5,100 డాలర్ల దాకా మొత్తం రోగిదే. అది దాటాక మళ్లీ సాయం! జబ్బు మధ్యస్థంగా ఉన్నవాడే మునిగేవాడు. జనం దీనికి 'డోనట్ హోల్' అని పేరు పెట్టారు. 2022 చట్టం ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లు మించకూడదని హద్దు పెట్టింది. డోనట్ కన్నం 2025లో పూర్తిగా పూడింది, ఏడాదికి రోగి వాటా 2,000 డాలర్ల దగ్గర ఆగింది. 2022 చట్టం దాకా కంపెనీలతో మందుల ధర బేరమాడే హక్కు కూడా మెడికేర్‌కు చట్టం ఇవ్వలేదు. బేరమాడి తగ్గించిన మొదటి పది మందుల ధరలు 2026 జనవరిలో అమల్లోకి వచ్చాయి.

చోటు దొరకని ఆరు అక్షరాలు

మెడికేర్ నంబరు ఒకప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబరే. పర్సు పోతే మనిషి ఆర్థిక చరిత్రంతా దొంగ చేతిలో పడేది. 2018 నుంచి 11 స్థానాల కొత్త నంబరు ఇచ్చారు. అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ నంబరులో ఎస్, ఎల్, ఓ, ఐ, బి, జెడ్ ఎప్పటికీ రావు. చూపు తగ్గిన కళ్లకు ఓ సున్నాలా, ఎస్ అయిదులా, బి ఎనిమిదిలా కనబడతాయని వాటిని పక్కన పెట్టేశారు. కోట్లమంది జేబుల్లో ఉండే ఈ కార్డు ఇప్పటికీ కాగితపుదే.

మంచం మీదున్నా చేరనట్టే

తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్న పెద్దాయనకు, తర్వాత కొన్ని వారాలు నర్సింగ్ కేంద్రంలో ఉండి నడక నేర్చుకోవడానికి మెడికేర్ డబ్బిస్తుంది. షరతు ఏమిటంటే, అంతకుముందు వరసగా మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషంట్‌గా ఉండాలి. అదే మంచం, అదే నర్సు, అదే సెలైన్. అయినా ఆసుపత్రి కాగితంలో 'అబ్జర్వేషన్' అని రాస్తే ఆ రోజులు లెక్కలోకి రావు. నర్సింగ్ కేంద్రం బిల్లు మొత్తం ఇంటికే వస్తుంది. ఈ సంగతి రోగికి రాతపూర్వకంగా చెప్పి తీరాలన్న చట్టం 2015లో వచ్చింది. కాబట్టి అక్కడ ఆసుపత్రిలో ఉన్నవాళ్ల బంధువులు మొదట వేయాల్సిన ప్రశ్న ఇది: 'ఇన్‌పేషంటా, అబ్జర్వేషనా?'

ఆఖరున వచ్చిన రాష్ట్రం, పోయాక వచ్చే బిల్లు

మెడికెయిడ్‌లో చేరాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. 1966లోనే చేరినవి కొన్ని. అన్నిటికన్నా ఆఖరున, 1982లో చేరింది అరిజోనా. పేరు కూడా ఎవరిష్టం వాళ్లదే. కాలిఫోర్నియాలో మెడి-కాల్, టెనెసీలో టెన్‌కేర్, ఓక్లహోమాలో సూనర్‌కేర్, విస్కాన్సిన్‌లో బ్యాడ్జర్‌కేర్, వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ హెల్త్.

దేశంలో పుట్టే పిల్లల్లో నూటికి నలభై మంది కాన్పు ఖర్చు మెడికెయిడ్‌దే. ఆ చివర, నర్సింగ్ హోమ్‌లలో ఉండే వృద్ధుల్లో సగం మందికి పైగా ఖర్చూ దానిదే. మెడికేర్ దీర్ఘకాలం చూసుకునే ఖర్చు ఇవ్వదు. అందుకే మధ్యతరగతివాళ్లు కూడా దాచుకున్నదంతా కరిగించి, పేదలై, మెడికెయిడ్‌కు చేరుతారు. 1993 చట్టం ప్రకారం, 55 ఏళ్లు దాటినవాళ్ల దీర్ఘకాల సంరక్షణకు పెట్టిన ఖర్చును వాళ్లు పోయాక మిగిలిన ఆస్తి నుంచి రాష్ట్రం తిరిగి రాబట్టాలి. చాలా ఇళ్లలో మిగిలే ఆస్తి ఆ ఇల్లొక్కటే. భార్యో భర్తో బతికున్నంత కాలం మాత్రం దాని జోలికి రాకూడదు.

దొంగలెక్కల రికార్డు

2025 జూన్ చివర్లో అమెరికా న్యాయశాఖ ఒకే విడతలో 324 మంది మీద ఆరోగ్య మోసం కేసులు ప్రకటించింది. వాళ్లు కాజేయజూసిన మొత్తం 1,460 కోట్ల డాలర్లు, అప్పటికి అదే అతి పెద్దది. అందులో సింహభాగం మూత్రపు గొట్టాలది! పది లక్షల మందికి పైగా మనుషుల వివరాలు దొంగిలించి, వాళ్లెవరూ అడగని గొట్టాలకు విదేశీ ముఠా ఒకటి బిల్లులు పెట్టింది. ఇలాంటివి పట్టుబడే దారుల్లో ఒకటి, వృద్ధులు ఇంటికొచ్చే ఖర్చుల చీటీ చదివి 'ఇది నేను తీసుకోలేదే' అని ఫోన్ చేయడం.

తెలుగు డాక్టర్లు, తెలుగు కార్డులు

మెడికేర్ పుట్టిన 1965లోనే, అక్టోబరులో, అదే జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. ఒకటి కోట్లమంది రోగులను ఆసుపత్రుల వైపు నడిపించింది, రెండోది ఆసియా డాక్టర్లకు తలుపు తీసింది. గుంటూరు, విశాఖ, కాకినాడ, ఉస్మానియా, గాంధీ కాలేజీల్లో చదివినవాళ్లు ఆ దారినే వెళ్లారు. అమెరికా ఆసుపత్రుల్లో రెసిడెంట్ డాక్టర్ల శిక్షణకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఇచ్చేది మెడికేరే. 1997లో ఆ సీట్ల డబ్బుకు పరిమితి పెట్టారు. ఇక్కడి నుంచి వెళ్లే పిల్లలకు రెసిడెన్సీ సీటు గగనం కావడానికి అదొక కారణం.

ఇక మన రాష్ట్రాల విశేషాలు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, స్వయంగా డాక్టరైన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రారంభించిన ఆరోగ్యశ్రీ, తెల్లకార్డు కుటుంబానికి 2 లక్షల రూపాయల దాకా వైద్యం ఇచ్చింది. 2023 డిసెంబరులో ఆ పరిమితి తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెరిగింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారడంలో మాత్రం దీనిదే రికార్డు. ఆంధ్రలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వచ్చిన రోగి మాత్రం ఏ పేరున్నా 'ఆరోగ్యశ్రీ చేస్తారా?' అనే అడుగుతాడు. 2024 అక్టోబరు 29 నుంచి కేంద్రం 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ భారత్ రక్షణ ఇస్తోంది. వయసే అర్హతగా మన దేశంలో వచ్చిన పెద్ద ఆరోగ్య పథకం ఇది.

అమ్మానాన్నల లెక్క

గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇవన్నీ పక్కన పెట్టి గుర్తుంచుకోవాల్సినవి కొన్నున్నాయి. 65 నిండి, అమెరికాలో వరసగా అయిదేళ్లు చట్టబద్ధంగా నివాసముంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. అక్కడ పదేళ్లు పని చేయనివాళ్లు ఆసుపత్రి భాగానికి కూడా ప్రీమియం కట్టాలి. 2025లో అది నెలకు 518 డాలర్ల దాకా, డాక్టరు భాగానికి 185 అదనం. ఇండియాలో చేసిన ముప్పై ఏళ్ల సర్వీసు ఈ లెక్కలోకి రాదు, ఇండియా-అమెరికాల మధ్య అలాంటి ఒప్పందం లేదు. కొడుకు కట్టిన పన్నూ పనికిరాదు. విజిటర్ వీసా వాళ్లకు మెడికేర్ లేదు. హైదరాబాదులో చేయించుకున్న ఆపరేషన్‌కు మెడికేర్ పైసా ఇవ్వదు.

అర్హత వచ్చే నెల చుట్టూ ఏడు నెలల గడువు ఉంటుంది. అది దాటితే డాక్టరు భాగం ప్రీమియం మీద ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ పది శాతం జరిమానా పడుతుంది. అది ఒకసారి కట్టి వదిలించుకునేది కూడా కాదు, కార్డున్నంత కాలం నెలనెలా కడుతూనే ఉండాలి. ప్రతి రాష్ట్రంలోనూ మెడికేర్ మీద ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ కేంద్రం ఉంది. గ్లేజర్ మిషన్ వేసుకుని అడిగాడు, షికాగో అవ్వ కారు మీదికెక్కి అడిగింది. మీరు అంత కష్టపడనక్కర్లేదు. గ్రీన్ కార్డు మీది తేదీ చూసి, అయిదేళ్లు నిండడానికి మూడు నెలల ముందే ఆ సలహా కేంద్రానికి ఫోన్ చేసి అడగండి.